మా ఆఫీసు ఆవిడకి ఫెలోషిప్ వచ్చింది. సంతోషించాలా, బెంగపడాలా?

ఫుట్‌స్క్రే_పద్మ (మెల్‌బోర్న్), మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులకి ఇటు వచ్చాను.

నేను ఇక్కడ ఒక అబోరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసుల) ఆరోగ్య సంస్థలో అకౌంట్స్ చూస్తాను. పెద్దదేం కాదు. ముగ్గురు డాక్టర్లు, ఒక పళ్ల డాక్టరు, పెద్దవాళ్లని ఇళ్ల నుంచి తీసుకొచ్చి దింపడానికి ఒక పన్నెండు సీట్ల వ్యాను. బోర్డులో ఉండేది అంతా ఆ సమాజం వాళ్లే. నాలాంటివాళ్లం జీతానికి పనిచేస్తాం.

మా దగ్గర ఒకావిడ ఉన్నారు. జీతం పట్టీలో ఆవిడ హోదా చిన్నదే. కానీ ఏ ఇంట్లో ఎవరు షుగరు మందులు మానేశారో, ఏ పిల్లాడు బడి ఎగ్గొడుతున్నాడో, ఎవరి కొడుక్కి కోర్టు వాయిదా ఎప్పుడో ఆవిడ నోట్లోనే ఉంటుంది. ఆవిడకి మొన్న మెల్‌బోర్న్ యూనివర్సిటీలో 'అట్లాంటిక్ ఫెలోస్ ఫర్ సోషల్ ఈక్విటీ' అనే ఫెలోషిప్ వచ్చింది. అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసులు, న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు, పసిఫిక్ దీవులవాళ్లు, వాళ్లతో కలిసి పనిచేసే ఇతరులు, వీళ్లలో సమాజం కోసం ఏదో ఒకటి మార్చాలని పనిచేస్తున్నవాళ్లకి ఇస్తారు. ఫీజు వాళ్లే భరిస్తారు, ఖర్చులకి డబ్బిస్తారు. సోషల్ చేంజ్ లీడర్‌షిప్‌లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చదవాలి, కావాలంటే మాస్టర్స్ దాకా వెళ్లొచ్చు. తన ఊరికి పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి చేయాలి.

ఆఫీసులో కేక్ కోశాం. ఫోటోలు దిగాం. కేక్ అయ్యాక మా మేనేజరు నా గదిలోకి వచ్చి తలుపు వేసి, "ఇంక ఆవిడ మనకి దక్కదు" అన్నాడు. వచ్చే ఏడాదికి ఏ ప్రభుత్వ శాఖో, పెద్ద సంస్థో రెట్టింపు జీతమిచ్చి పట్టుకుపోతుందని ఆయన భయం.

నాకు అప్పటినుంచి అదే టెన్షన్. ఇలాంటి ఫెలోషిప్పులు ఊళ్లో ఉన్న ఒక్క గట్టి మనిషినీ ఊరికి దూరం చేస్తాయా? మీలో ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

---

వెస్ట్‌మీడ్_వాసు (సిడ్నీ), మంగళవారం రాత్రి 10:15

పద్మ గారూ, మీ బాధ మీది, నా బాధ నాది. మా అమ్మాయి అదే యూనివర్సిటీలో చదువుతోంది. ఫీజు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇక్కడికొచ్చినా ఇదే గోల అన్నమాట, పుట్టుక చూసి ఇవ్వడం. లీడర్‌షిప్ ఎవరికైనా నేర్పొచ్చు కదా?

---

గంటస్తంభం (విజయనగరం), బుధవారం ఉదయం 6:05

వాసు బాబూ, పొద్దున్నే కాఫీ తాగుతూ చదివాను. అది మీ టాక్స్ డబ్బు కాదు, నిశ్చింతగా ఉండండి. ఆ డబ్బు కథ చెప్తాను, వినండి.

చక్ ఫీనీ అని ఒక అమెరికా ఆయన. 1960లో ఇంకొకాయనతో కలిసి ఎయిర్‌పోర్టుల్లో డ్యూటీ ఫ్రీ షాపుల వ్యాపారం పెట్టాడు. సెంటు సీసాలు, విస్కీ, సిగరెట్లు. కోట్లకి కోట్లు వచ్చాయి. 1984లో తన వాటా మొత్తం ఒక ధర్మనిధికి రాసేశాడు, అదీ గుట్టుగా. 1997 దాకా లోకానికి తెలీదు, ఆయన ఇంకా కుబేరుడే అనుకున్నారు. చేతికి చౌక ప్లాస్టిక్ వాచీ, ఉండేది అద్దె ఫ్లాటు. బతికుండగానే ఇచ్చేయాలని పట్టు. మొత్తం 800 కోట్ల డాలర్ల దాకా పంచి, 2020లో ఆ సంస్థ తలుపులు మూసేశాడు. 2023లో పోయాడు. ఆయన ఆఖర్లో పెట్టిన పెద్ద ఖర్చుల్లో ఈ అట్లాంటిక్ ఫెలోస్ ఒకటి. ప్రపంచంలో ఇలాంటివి ఏడు కార్యక్రమాలున్నాయి, మెల్‌బోర్న్‌ది అందులో ఒకటి. దానికి 2016లో సుమారు 6.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చారు.

మన దగ్గర దానం చేస్తే ముందు శిలాఫలకం చెక్కించి తర్వాత పునాది తవ్వుతారు. అందుకే ఈయన నాకు వింతగా తోచాడు.

---

మనుకావు_టీచర్ (ఆక్లాండ్), బుధవారం ఉదయం 7:30

గంటస్తంభం గారూ, కథ బాగుంది. కానీ ఒక సంగతి కలపండి. ఆ షాపులు ఎక్కడ దండిగా సంపాదించాయి? హొనొలులు, గువామ్, సైపాన్. జపాన్ టూరిస్టులు దిగే దీవులు. అవి ఎవరి నేలలు? హవాయి మూలవాసులవి, చమోరో జనానివి. పసిఫిక్ నుంచి వెళ్లిన డబ్బులో కొంత పసిఫిక్‌కి తిరిగొచ్చిందని నేను అనుకుంటాను. ఎవరో దయతలచి ఇచ్చారని ఫెలోలు తల వంచుకోవక్కర్లేదు.

పద్మ గారూ, మీ ప్రశ్నకి వస్తున్నాను. నేను పదకొండేళ్లుగా సౌత్ ఆక్లాండ్‌లో ఒక బడిలో టీచర్‌ని. మా పిల్లల్లో సమోవా, టోంగా, మావోరీ వాళ్లే ఎక్కువ. ఊరు వదిలి వెళ్లిపోవడం ఒక సమస్యే. కానీ అంతకంటే ముందు వచ్చే చిక్కు అప్లికేషన్ ఫారం దగ్గరే ఉంది.

మా దగ్గర ఒక మావోరీ సామెత ఉంది: కుమరా తన తీపి గురించి తాను చెప్పుకోదు. కుమరా అంటే మన చిలగడదుంపే. ఇప్పుడు ఏ ఫెలోషిప్ ఫారమైనా తీయండి. 'మీ నాయకత్వ లక్షణాలు వివరించండి.' 'మీరు సాధించిన మార్పు ఏమిటి?' మీరు, మీరు, మీరు. మా స్కూల్లో ఒక టోంగా ఆవిడ ఉంది, చర్చి యువజన బృందాన్ని ఇరవై ఏళ్లుగా నడుపుతోంది. ఇలాంటి ఫారం ఇస్తే రెండు లైన్లు రాసి ఇచ్చింది. "మా వాళ్లు అన్నీ చేశారు, నేను కుర్చీలు వేశాను" అని. నిజంగా అంతే రాసింది.

---

గంటస్తంభం, బుధవారం ఉదయం 8:10

మనకేమో 'అడగందే అమ్మైనా పెట్టదు.' చిలగడదుంపకి ఆ మాట చెప్పేవాళ్లు లేరు పాపం.

---

లబాసా_అప్పన్న (ఆక్లాండ్), బుధవారం మధ్యాహ్నం 1:20

నమస్కారం. నా తెలుగు తప్పులుంటే క్షమించండి. నేను ఫిజీలో లబాసాలో పుట్టాను. మా ముత్తాత విశాఖ వైపు నుంచి గిర్మిట్ (కూలి ఒప్పందం) మీద చెరకు తోటలకి వచ్చాడు. ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగు మా నాయనమ్మ దగ్గర, భజనల్లో నేర్చుకున్నాను. రాయడం ఫోనులో నేర్చుకున్నాను.

1879 నుంచి 1916 దాకా అరవై వేలమందికి పైగా హిందుస్తాన్ నుంచి ఓడల్లో వచ్చారు. మద్రాసు వైపు నుంచి రావడం 1903 నుంచి మొదలు. తమిళం, తెలుగు, మలయాళం వాళ్లు కలిసి 1926లో నాడీలో సంగం పెట్టుకున్నారు. ఆ సంగం బళ్లే మా లీడర్‌షిప్ కాలేజీలు. మా నాన్న చదివింది అక్కడే, తర్వాత ఆ బడి కమిటీకి సెక్రటరీ అయ్యాడు. ఎవరూ ఫారం ఇవ్వలేదు.

నా ప్రశ్న వేరే. 'పసిఫిక్ వాళ్లకి ఫెలోషిప్' అంటే నేను లెక్కలోకి వస్తానా? నాలుగు తరాలు అక్కడే పుట్టాం. కానీ ఫిజీలో మూలవాసులు ఇతౌకేయ్ జనం. నేల వాళ్లది, మేము లీజుకి చెరకు వేసుకున్నాం. 1987లో సైనిక తిరుగుబాటు అయ్యాక మా బాబాయి వాళ్లు ఆస్ట్రేలియా పోయారు, మేము తర్వాత ఇటు వచ్చాం. ఇక్కడ న్యూజిలాండ్ జనాభా లెక్కల్లో ఫిజీ ఇండియన్ అని రాస్తే ఏషియన్ గంపలో వేస్తారు. ఇండియన్లు మమ్మల్ని ఫిజీవాళ్లంటారు. ఫిజీలో ఇండియన్లంటారు.

కోపంతో అడగడం లేదు. ఇతౌకేయ్ పిల్ల కూర్చోవాల్సిన కుర్చీలో నేను కూర్చుంటే బాగుండదని నాకే అనిపిస్తుంది. కానీ నేను ఎక్కడివాడినని కూడా అనిపిస్తుంది.

---

మనుకావు_టీచర్, బుధవారం సాయంత్రం 5:45

అప్పన్న గారూ, మీ తెలుగు మా అబ్బాయి తెలుగు కంటే వెయ్యి రెట్లు నయం.

మీ ప్రశ్నకి ఒక్కో కార్యక్రమంలో ఒక్కో సమాధానం ఉంటుంది. ఆ నియమాలు రాసినవాళ్లనే అడగడం మంచిది. నా మాటగా మాత్రం ఒకటి చెప్తాను. 'మూలవాసి' వేరు, 'పసిఫిక్ మనిషి' వేరు. రెండోదాంట్లో మీరు ఉన్నారు. మొదటిదాంట్లో లేరని మీరే మర్యాదగా చెప్పుకున్నారు. ఈ మాత్రం తేడా తెలిసినవాళ్లు ఇంటర్వ్యూ గదిలో తక్కువగా కనిపిస్తారు.

---

పీఆర్_ఎప్పుడో (బ్రిస్బేన్), బుధవారం రాత్రి 8:02

ఫ్రెండ్స్, ఈ ఫెలోషిప్ వస్తే పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) పాయింట్లు కలుస్తాయా? నేను 482 వర్క్ వీసా మీద ఉన్నాను. సోషల్ వర్క్ చేయలేదు కానీ అపార్ట్‌మెంట్‌లో గణేశ్ ఉత్సవ కమిటీ లీడర్‌ని.

---

మోడరేటర్, బుధవారం రాత్రి 8:30

వీసా ప్రశ్నలు వీసా విభాగంలో అడగండి. గణేశ్ కమిటీ లీడర్‌షిప్‌ని ఎవరూ తక్కువ చేయడం లేదు.

---

గుస్సాడీ_ఉట్నూరు (ఆదిలాబాద్), బుధవారం రాత్రి 10:50

అందరికీ రామ్ రామ్. ఈ చర్చ మా దోస్త్ పంపిండు. నేను గోండు ఆదివాసీని. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి ఉట్నూరు ఏజెన్సీల ఒక చిన్న సంస్థల పని చేస్తున్న.

వాసు అన్నా, పుట్టుక చూసి ఇస్తున్నరు అన్నరు. పుట్టుక చూసి గుంజుకున్న ముచ్చట కూడా ఉంటది కదా. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితిల మూలవాసుల హక్కుల ప్రకటన మీద ఓటు పెట్టిన్రు. 144 దేశాలు అవునన్నయ్. కాదన్నవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాత ఆస్ట్రేలియా 2009ల, న్యూజిలాండ్ 2010ల మాట మార్చుకున్నయ్. మన ఇండియా అవుననే ఓటేసింది, కానీ మన దగ్గర భారతీయులందరూ మూలవాసులే అని చెప్తది. అంటే మాకు ఆ మాట కాగితం మీద కూడా దొరకదు.

పద్మ అక్కా, మీ మేనేజరు భయం నాకు తెలుసు. మా దగ్గర నుంచి సదువుకొని పోయిన పోరలు హైదరాబాద్‌ల ఉండిపోతరు. నేను వాళ్లను తప్పు పట్ట. కానీ దీనికి ఉల్టా జరిగిన ముచ్చట కూడా మా దగ్గరే ఉంది. 1940ల కొమురం భీము చనిపోయినంక నిజాం సర్కారు హైమెండార్ఫ్ అనే ఆంత్రోపాలజిస్టును మా దిక్కు పంపింది. ఆయన మార్లవాయిల ఉండి, 1943ల గోండు పోరలకు టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టించిండు. గోండిల వాచకాలు చేసిన్రు. ట్రైనింగ్ అయినోళ్లు మళ్ల గూడేలకే పోయి బడులు నడిపిన్రు. ఎందుకు పోయిన్రు? పట్నంల కాదు, మార్లవాయిలనే నేర్పిన్రు కాబట్టి. మనిషిని ఊరికెళ్లి తీయకుండ ఊర్లెనే నేర్పితే ఊరు పోదు. ఆయన, ఆయన భార్య బెట్టీ సమాధులు ఇప్పటికీ ఆ ఊర్లనే ఉన్నయ్.

---

ఫుట్‌స్క్రే_పద్మ, గురువారం ఉదయం 7:15

తమ్ముడూ, మార్లవాయి సంగతి నాకు అసలు తెలీదు. థాంక్స్.

నిన్న భోజనాల దగ్గర ఆవిడనే అడిగేశాను, మీరు మమ్మల్ని వదిలి వెళ్లిపోతారా అని. నవ్వారు. క్లాసులన్నీ క్యాంపస్‌లోనే కూర్చుని కాదట. కొన్ని విడతలు కంట్రీ మీద ఉంటాయట. ఇక్కడ 'కంట్రీ' అంటే దేశం కాదు, ఒక జనం తరతరాలుగా బతికిన నేల, నీళ్లు, కథలు అన్నీ కలిపి. ఆ నేల పెద్దల దగ్గర కూర్చుని వినాలి. నడిపేవాళ్లలోనూ మూలవాసులున్నారు. ఫెలోషిప్ అయిపోయాక పేరు కొట్టేయరు. జీవితాంతం ఫెలోలే, ఒకరికొకరు అందుబాటులో ఉండాలి.

ఇంకో మాట చెప్పారు. ఇంతకుముందు ఏ కోర్సులో చేరినా సారీ బిజినెస్ దగ్గర ఆగిపోయేదట. అంటే చావు, దాని తాలూకు తంతు. మనకి పదకొండో రోజు, పన్నెండో రోజు ఉన్నట్టే వాళ్లకీ ఉంటుంది, చుట్టరికం ఇంకా పెద్దది. పిన్నత్త కొడుకు పోయినా వెళ్లాల్సిందే, వారం పట్టొచ్చు. ఒక చోట కోర్సువాళ్లు డెత్ సర్టిఫికెట్ అడిగారట. 'దగ్గరి బంధువు కాదు' అని హాజరు కోసేశారట. ఆవిడ ఆ చదువు మానేశారు. ఇక్కడ మాత్రం సారీ బిజినెస్ అంటే ఏమిటో వివరించాల్సిన పని రాలేదట. "సగం భారం అక్కడే దిగింది" అన్నారు.

అన్నట్టు, మనం కనిపించినవాళ్లందరినీ అంకుల్, ఆంటీ అంటాం కదా. ఇక్కడ అబోరిజినల్ సమాజంలో ఆ మాట ఊరికే రాదు. గౌరవం సంపాదించిన పెద్దవాళ్లకే ఆంటీ, అంకుల్. నేను చేరిన కొత్తలో నలభై ఏళ్ల రిసెప్షనిస్టుని ఆంటీ అన్నాను. ఆమె సిగ్గుపడి, "నాకింకా ఆ అర్హత రాలేదు" అంది. మన దగ్గరైతే నలభై ఏళ్లావిడని ఆంటీ అంటే వేరే కారణానికి కోపం వచ్చేది.

---

వెస్ట్‌మీడ్_వాసు, గురువారం మధ్యాహ్నం 12:40

నన్ను విలన్ని చేయకండి. నా సంగతి చెప్తా. నేను సిటిజన్‌షిప్ తీసుకున్నాక వేసిన మొదటి ఓటు 2023 అక్టోబర్ 14ది, వాయిస్ రెఫరెండం. మూలవాసుల మాట పార్లమెంటుకి వినిపించడానికి ఒక సలహా మండలిని రాజ్యాంగంలో పెట్టాలా అని. నేను నో వేశాను. నాతోపాటు దేశంలో అరవై శాతం మంది నో అన్నారు, ఒక్క రాష్ట్రం కూడా యెస్ అనలేదు. పుట్టుకని బట్టి రాజ్యాంగంలో ప్రత్యేక స్థానం వద్దని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే.

కానీ గంటస్తంభం గారు చెప్పినట్టు ప్రైవేటు డబ్బయితే నాకు అభ్యంతరం లేదు. ఆయన డబ్బు, ఆయన ఇష్టం.

---

గంటస్తంభం, గురువారం మధ్యాహ్నం 3:00

అదీ నిజాయితీ. మీ ఓటు మీది.

నాకు మాత్రం ఇంకో ముసలాయన గుర్తొస్తున్నాడు. విన్సెంట్ లింగియారి. గురిందజీ జనం. నార్తర్న్ టెరిటరీలో వేవ్ హిల్ అనే పశువుల ఎస్టేట్‌లో పనివాడు. 1966 ఆగస్టులో రెండు వందలమంది పనివాళ్లని, వాళ్ల కుటుంబాలని వెంటబెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. అందరూ కూలి రేట్ల సమ్మె అనుకున్నారు. కాదు, మా నేల మాకివ్వండి అన్నాడు. తొమ్మిదేళ్లు కదల్లేదు. 1975లో ప్రధాని గఫ్ విట్లమ్ వెళ్లి ఆయన అరచేతిలో గుప్పెడు మట్టి పోశాడు. ఆ ఫోటో చూడండి, బావుంటుంది.

ఈయనకి చదువు లేదు. ఏ ఫెలోషిప్ ఇచ్చారు? నా అనుమానం అదే. నాయకత్వం సర్టిఫికెట్‌తో వస్తుందా?

---

మనుకావు_టీచర్, గురువారం రాత్రి 7:10

పెద్దాయన గారూ, ఫీనా కూపర్ ఉన్నారు మాకు. 1975లోనే. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో ఉత్తరాన తే హాపువా నుంచి మనవరాలి చెయ్యి పట్టుకుని నడక మొదలుపెట్టారు. ఇంక ఒక్క ఎకరం మావోరీ భూమి కూడా పోవడానికి వీల్లేదని. నెల రోజుల్లో వెల్లింగ్టన్ పార్లమెంటు ముందు వేలమంది. ఆవిడకీ ఏ ఫెలోషిప్ లేదు, నిజమే.

కానీ ఇలాంటి కథలు చెప్పి 'వాళ్లకి ఏమీ అక్కర్లేదు' అనేస్తాం. అది నాకు నచ్చదు. లింగియారి వెనక యూనియన్ వాళ్లున్నారు, డబ్బు పంపినవాళ్లున్నారు. ఫీనా కూపర్ నడిచిన దారంతా రాత్రికి ఒక మరాయె ఆశ్రయమిచ్చింది, అన్నం పెట్టింది. మరాయె అంటే వాళ్ల సామూహిక ప్రాంగణం. నాయకుడికి వెనక ఏదో ఒక కూడు, గూడు ఉండాలి. ఇప్పుడు ఆ కూడూగూడూ స్టైపెండ్ రూపంలో వస్తే తప్పేముంది? పద్మ గారి ఆవిడ ఇన్నాళ్లూ రాత్రి పూట, సెలవు రోజున, ఓవర్‌టైమ్ లేకుండా చేసిన పనికి ఒక ఏడాది ఊపిరి దొరుకుతోంది.

---

లబాసా_అప్పన్న, గురువారం రాత్రి 9:30

వనువాటు పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు. 2019లో పోర్ట్ విలాలో యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ క్యాంపస్‌లో 27 మంది లా స్టూడెంట్లు క్లాసులో ఒక ఆలోచన చేశారు. వాతావరణ మార్పు మీద దేశాలకి చట్టపరంగా ఏ బాధ్యత ఉందో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడిగిద్దాం అని. ప్రభుత్వాలకి ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం పట్టుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది. 2025 జూలై 23న హేగ్‌లో ఉన్న ఆ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది, దేశాలకి బాధ్యత ఉంది అని. మా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మా అమ్మకి ఏమీ అర్థం కాలేదు, కానీ ఏడ్చింది.

వాళ్లకి ఫెలోషిప్ లేదు. కానీ ఆ యూనివర్సిటీ 1968 నుంచి ఉంది, పన్నెండు చిన్న దేశాలు కలిపి నడుపుతున్నాయి. సోలమన్ పిల్ల, టోంగా పిల్లాడు, ఫిజీ పిల్ల ఒకే బెంచీ మీద కూర్చోకపోతే ఆ ఆలోచన వచ్చేదా? అందుకే నాకు ఫెలోషిప్‌లో అన్నిటికంటే విలువైనది పక్క కుర్చీ అనిపిస్తుంది.

---

ఫుట్‌స్క్రే_పద్మ, శుక్రవారం ఉదయం 6:50

అప్పన్న గారూ, పక్క కుర్చీ మాట చాలా నచ్చింది. ఆవిడకి చెప్తే "డెడ్లీ" అన్నారు. కంగారు పడకండి, ఇక్కడ వాళ్ల ఇంగ్లీషులో అది 'అదిరింది' అని.

---

గుస్సాడీ_ఉట్నూరు, శుక్రవారం రాత్రి 11:05

ఒక సాయం కావాలె. జెనీవాల ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఆఫీసు మూలవాసుల కోసం ఒక ఫెలోషిప్ నడుపుతది, 1997 సంది ఉంది. ప్రపంచంల ఏ దేశపు మూలవాసులైనా పెట్టుకోవచ్చు. సర్కారు మమ్మల్ని ఆ పేరుతో పిలవకపోయినా మా సంఘం ఒప్పుకుంటే చాలు అనుకుంటున్న. మా సంస్థల అన్న అప్లై చేయమంటున్నడు. ఫారంల మీ సమాజం నుంచి సిఫారసు లెటర్ కావాలె. మా గూడెం పట్లా (ఊరి పెద్ద) రాయలేడు. రాయ్ సెంటర్ల, అంటే మా గోండు పంచాయతీల, పెద్దమనుషులు తీర్పు చెప్పుడే గానీ కాగితం మీద పెట్టుడు తక్కువ. ఎట్ల చేయాలె?

---

మనుకావు_టీచర్, శనివారం ఉదయం 8:20

తమ్ముడూ, పట్లా గారు గోండిలో చెప్పింది నువ్వు కాకుండా వేరేవాళ్లతో రాయించు. ఆయన వేలిముద్ర వేయించు. కింద ఇంగ్లీషు అనువాదం పెట్టు, అనువదించినవాళ్ల సంతకంతో. పేజీ పైన 'మౌఖికంగా చెప్పినది' అని స్పష్టంగా రాయి. పంపే ముందు వాళ్ల ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి ఇది చెల్లుతుందా అని అడుగు. నేను ఇంగ్లీషు సరిచూస్తాను, మెసేజ్ పెట్టు.

---

గంటస్తంభం, శనివారం ఉదయం 8:45

గోండి రాకపోయినా నా వంతు కూడా వేసుకోండి. ముప్ఫై నాలుగేళ్లు తాలూకాఫీసులో అర్జీలు రాశాను. ఖాళీగానే ఉన్నాను.

---

ఫుట్‌స్క్రే_పద్మ, మూడు నెలల తర్వాత, ఆదివారం సాయంత్రం 6:30

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నాను.

ఆవిడ వెళ్లిపోలేదు. వారానికి రెండు రోజులు మా దగ్గర, మిగతావి చదువు. ఆ మూడు రోజుల పనికి మనిషిని పెట్టాలని బోర్డు మీటింగులో గొడవే అయింది. ఖాతాలన్నీ తీసి చూపించాను. ఆవిడ ఇన్నాళ్లూ చేసిన పనికి లెక్కలో ఉన్నది సగమే. ఇద్దరు కుర్రవాళ్లని తీసుకున్నారు, ఆవిడ వెంట తిరుగుతూ నేర్చుకుంటున్నారు. ఏ ఇంటికి ముందు ఫోన్ చేయాలో, ఏ ఇంటికి చెప్పకుండా వెళ్లాలో కూడా నేర్పుతున్నారు. మా మేనేజరు ఇప్పటికీ నమ్మడు. "చూద్దాం వచ్చే ఏడాది" అంటున్నాడు. ఆయన చెప్పేదీ జరగొచ్చు, నేను కాదనను.

మొన్న మొదటి విడత నుంచి వచ్చాక అడిగాను, ఏం నేర్పారని. మొదటి రోజు ఎవరూ ఉద్యోగం గురించి అడగలేదట. మీది ఏ నేల, మీ వాళ్లు ఎవరు, ఏ నీళ్ల దగ్గర పెరిగారు, ఇవే. తర్వాత నన్నడిగారు, మీ వాళ్లు ఎవరు అని. మన దగ్గర 'మీరు ఎవరి తాలూకు' అంటే కులం కూపీ లాగడానికి. నాకు అదే గుర్తొచ్చి నోరు రాలేదు. చివరికి "నాగావళి" అన్నాను. ఆ పేరు నాలుగైదుసార్లు పలికించుకుని నేర్చుకున్నారు.

---

గుస్సాడీ_ఉట్నూరు, ఆదివారం రాత్రి 9:15

అక్కా, నేను కూడా అప్లికేషన్ పంపిన. ఫలితం ఇంకా రాలే. టీచర్ అక్కకు, పెద్దాయనకు శనార్తులు.

ఫారంల 'మీ నాయకత్వం గురించి రాయండి' అని ఉంటే మా పట్లాకు గోండిల సదివి చెప్పిన. ఆయన శాన నవ్విండు. "నీ గురించి నువ్వే చెప్పుకుంటవా? వాళ్లను ఇటు రమ్మను, నేను చెప్త" అన్నడు. అదే మాట రాసి పంపిన.

---

లబాసా_అప్పన్న, ఆదివారం రాత్రి 9:40

కుమరా!

---

పీఆర్_ఎప్పుడో, ఆదివారం రాత్రి 10:10

పద్మ గారూ, మీ వ్యాన్ నడపడానికి వాలంటీర్లు కావాలా? నాకు అక్టోబర్‌లో మెల్‌బోర్న్ బదిలీ. వీసా కోసం కాదు, ఊరికే.

---

ఫుట్‌స్క్రే_పద్మ, ఆదివారం రాత్రి 10:25

కావాలి బాబూ. పిల్లలతో, పెద్దవాళ్లతో పని కాబట్టి ముందు పోలీసు చెక్ ఉంటుంది, దానికి రెండు వారాలు పడుతుంది. గురువారాలు ప్రస్తుతం నేనే నడుపుతున్నాను. వెనక సీట్లో ఒక అంకుల్ ప్రతి మలుపు దగ్గరా బ్రేకు వేయమని అరుస్తారు. ఆయన్ని నీకు అప్పగిస్తాను.